షుగర్, లివర్ సమస్య ఉన్న నాన్నగారిని వైజాగ్ బీచ్‌లో దిగనివ్వొచ్చా? చేపలు, పీతలు పెట్టొచ్చా?

మీరు రాసినదాన్ని బట్టి నాన్నగారికి షుగర్ ఉంది, లివర్ కూడా దెబ్బతింది. "మాంసం తినేసే బ్యాక్టీరియా" వీడియోలు చూసి ఇంట్లో అందరికీ టెన్షన్. ఆయన మాత్రం సముద్రంలో దిగాల్సిందే, పీతల పులుసు తినాల్సిందే అంటున్నారు. మాది భీమిలి, చేపల వ్యాపారం చేసే ఇల్లు. నన్నడిగితే పులుసు నిక్షేపంగా పెట్టండి. నీళ్లలో దించే ముందు మాత్రం ఆయన పాదాలు చూడండి.

ఆ వీడియోల్లో చెప్పే సూక్ష్మజీవి పేరు విబ్రియో వల్నిఫికస్. ఇది మురికి వల్ల పుట్టేది కాదు, సముద్రంలో సహజంగా ఉండేదే. నీరు అద్దంలా ఉన్నా ఉండొచ్చు. నీళ్లు 20 డిగ్రీలు దాటితే బాగా పెరుగుతుంది, మన బంగాళాఖాతం ఏడాది పొడుగునా అంతకంటే వెచ్చగానే ఉంటుంది. మరీ ఉప్పగా లేని నీళ్లంటే దానికి ఇంకా ఇష్టం. అందుకే మా భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోటులాంటివి, అందులోనూ వానల తర్వాత, మీ నాన్నగారిలాంటి వాళ్లకు వద్దంటాను. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఇది సోకడం చాలా అరుదు. లివర్ జబ్బు ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్ల రక్తంలో ఇనుము ఎక్కువగా అందుబాటులో ఉండొచ్చు, ఈ బ్యాక్టీరియా దాని మీదే విజృంభిస్తుంది. సోకినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరు చనిపోతారని అమెరికా లెక్కలు చెబుతున్నాయి, కొందరైతే ఒకటి రెండు రోజుల్లోనే.

మా చిన్నాన్న విషయంలో ఇది దగ్గర నుంచి చూశాను. ఆయనకీ షుగరే, మందు అలవాటుతో లివర్ పాడైంది. ఒక వేసవిలో జెల్ల చేప కోస్తుంటే ముల్లు బొటనవేలి కింద దిగింది. మా వాళ్లకు అదొక లెక్కా? పసుపు అద్ది, గుడ్డ కట్టుకుని పని చేసుకున్నాడు. రాత్రికి వాపు మణికట్టు దాటింది. పైకి కనిపించే గాయం ఆవగింజంత, నొప్పికేమో మనిషి కేకలు పెడుతున్నాడు. దగ్గర్లోని క్లినిక్‌లో నొప్పి ఇంజక్షన్ చేసి ఇంటికి పంపేశారు. తెల్లారేసరికి చర్మం మీద ఊదారంగు బొబ్బలు, చలిజ్వరం. వైజాగ్ పెద్దాసుపత్రికి పరిగెత్తాం. అక్కడ ఒక జూనియర్ డాక్టరమ్మ మొదట అడిగింది "ఏం చేస్తుంటే తగిలింది?" అని. సముద్రం చేప అనగానే ఇక ఆగలేదు. రిపోర్టు కోసం చూడకుండానే రెండు రకాల యాంటీబయాటిక్స్ మొదలుపెట్టించి, సర్జన్‌ని పిలిపించింది. చచ్చిన కండంతా కోసి తీసేశారు. తర్వాత ల్యాబ్‌లో ఈ పేరే తేలింది. చెయ్యి దక్కింది కానీ ఆ బొటనవేలు ఇప్పటికీ సరిగ్గా మడవదు.

పాదాలు చూడమన్నది అందుకే. షుగర్ ఉన్నవాళ్లకు అరికాళ్లలో స్పర్శ తగ్గుతుంది, మడమ పగిలినా చెప్పు కరిచినా తెలియదు. పుండు గానీ, కొత్త ఆపరేషన్ కుట్లు గానీ ఉంటే ఇసుకలో కుర్చీ వేసి కూర్చోబెట్టండి, అలల దాకా వద్దు. ఏమీ లేకపోతే ఆర్కే బీచ్‌లో చెప్పులతోనే కాసేపు కాళ్లు తడుపుకోనివ్వండి, తర్వాత మంచినీళ్లతో కడిగి తుడవండి. ఏదైనా గీరుకుని ఆ చోట ఎర్రబడి పాకుతున్నా, గాయానికి మించిన నొప్పి ఉన్నా, రేపు చూద్దాం అనుకోకుండా ఆసుపత్రికి వెళ్లండి. వాళ్లు అడగకపోయినా సముద్రపు నీరు తగిలిందని, లివర్ జబ్బు ఉందని మీరే చెప్పండి.

ఇక తిండి. అమెరికాలో తిండి ద్వారా ఇది ఎక్కువగా పచ్చి ఆయిస్టర్లు (ఒక రకం సముద్రపు గుల్లలు) తినేవాళ్లకు వస్తుంది, మనకా అలవాటు లేదు. వంజరమైనా చందువా అయినా పులుసులో తుకతుక ఉడికాక భయం లేదు. పీతల్ని మాత్రం డిప్ప మందం కాబట్టి ఇంకాస్త ఎక్కువ ఉడికించాలి. 1978లో అమెరికాలోని లూసియానాలో సరిగ్గా ఉడకని పీతలు తిని జనానికి కలరా వచ్చింది, అదీ విబ్రియో జాతి సూక్ష్మజీవి పనే. నిమ్మరసం పిండితే ఈ బ్యాక్టీరియా చస్తుందనేది వట్టి మాట, ఫ్రీజర్‌లో పెట్టినా పూర్తిగా చావదు. పీతలు, రొయ్యలు శుభ్రం చేసే పని నాన్నగారికి అస్సలు ఇవ్వొద్దు.

బయట తినేటప్పుడు నేను చూసుకునేది దీని దాయాది, విబ్రియో పారాహీమోలిటికస్ గురించి. ప్రాణం తీసేది తక్కువే కానీ వాంతులు, విరేచనాలతో మనిషిని పడేస్తుంది. 1950లో జపాన్‌లోని ఒసాకాలో సగం ఎండిన చిన్న చేపలు తిని 272 మంది జబ్బుపడ్డారు, 20 మంది పోయారు. అప్పుడే బయటపడింది ఇది. అనుకూలమైన వేడిలో పది నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. బీచ్ బళ్ల దగ్గర వేయించిన ముక్కను, పచ్చి ముక్కలు పెట్టిన పళ్లెంలోనే తిరిగి వేస్తుంటే, అదే కత్తితో ఉల్లిపాయ కోస్తుంటే అక్కడ తినొద్దు. వేపుడు ఎంత ఎర్రగా వేగినా లాభం లేదు.

అన్నట్టు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, పెద్ద బోట్లు వెళ్లవు. ఆ రోజుల్లో వస్తే ఐసు సరుకు కొనకుండా, పొద్దున్నే తెప్పల మీద వచ్చే చేప కోసం చూడండి. మీ నాన్నగారు అడిగే పీతలకు జూన్ దాటాక రావడమే మేలు.