గ్లాసులో రాయలవారి నీళ్లు: లెక్క కట్టే తీరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

శ్రీకృష్ణదేవరాయలు తాగిన నీళ్లు ఇవాళ మన గ్లాసులో ఏ మాత్రం ఉంటాయో పదో తరగతి పిల్లల చేత లెక్క కట్టిస్తానన్నావు. చేయించు. గుణకారాలు పది నిమిషాల పని. వచ్చిన జవాబును ఎంతవరకు నమ్మాలో చెప్పడానికే మిగతా పీరియడంతా ఉంచుకో.

ముందు గ్లాసు. 250 మి.లీ. అంటే 250 గ్రాములు. 18 గ్రాములకు 6.02×10²³ అణువులు కాబట్టి గ్లాసులో సుమారు 8.4×10²⁴. ఇక రాయలవారు. పుట్టిన దగ్గర్నుంచి వద్దు, రాజ్యమేలిన 1509–1529 చాలు. రోజుకు 3 లీటర్ల చొప్పున 20 ఏళ్లకు 22,000 లీటర్లు. భూమ్మీది మొత్తం నీరు దాదాపు 138.6 కోట్ల ఘన కిలోమీటర్లు.

పిల్లలు బోల్తా పడేది ఇక్కడే. ఒక ఘన కిలోమీటరుకు 10⁹ ఘన మీటర్లు, ఘన మీటరుకు 1000 లీటర్లు, వెరసి 10¹² లీటర్లు. సగం మంది 10⁹ దగ్గరే ఆగి, అవే లీటర్లనుకుంటారు. జవాబు వెయ్యి రెట్లు ఉబ్బుతుంది. సరిగ్గా చేస్తే మొత్తం 1.4×10²¹ లీటర్లు. 22,000ను దీనితో భాగించి, గ్లాసులోని అణువులతో గుణిస్తే సుమారు 13 కోట్లు.

ఈ 13 కోట్లు నిలబడాలంటే ఆయన తాగి వదిలిన నీరు ప్రపంచమంతా సమానంగా కలిసిపోయి ఉండాలి. గాలిలోని ఆవిరి పది రోజులకు అటూఇటూగా వానై పడిపోతుంది. హంపి పక్కన పారే తుంగభద్ర కృష్ణలో కలిసి బంగాళాఖాతం చేరడమూ ఆలస్యమేమీ కాదు. ఆలస్యమంతా సముద్రంలోనే. పైపొర నీరు అడుగు నీటితో కలవడానికి వెయ్యేళ్ల లెక్క, రాయలవారు పోయి 500 ఏళ్లే. కాబట్టి ఆయన వాటా పైపొరల్లో ఎక్కువ, అడుగున తక్కువ. మబ్బు కట్టేది పైపొర నుంచే గనుక అసలు సంఖ్య 13 కోట్లకు మించే ఉంటుందని నా అంచనా. ధ్రువాల మంచును తీసేయాలా వద్దా అని మాత్రం బుర్ర బద్దలు కొట్టుకోకు, తీసినా రెండు శాతం కూడా మారదు.

రెండో చిక్కు చాలామంది దాటేస్తారు. నీటి అణువులు తమ హైడ్రోజన్లను ఒకదానితో ఒకటి మార్చుకుంటూనే ఉంటాయి, అదీ మిల్లీసెకన్లలో. అంచేత "అదే అణువు" అనడం కుదరదు. ఆక్సిజన్ పరమాణువును గుర్తుగా పట్టుకో. అణువుకు ఒక్కటే ఉంటుంది కాబట్టి సంఖ్య మారదు. కిరణజన్య సంయోగక్రియలో నీరు విడిపోయి కొంత ఆక్సిజన్ గాలిలోకి పోతుంది గానీ, 500 ఏళ్లలో ఆ తరుగు లెక్కకు రానంత స్వల్పం.

గ్లాసులో పోసే నీళ్లు ఎక్కడివో కూడా చూసుకో. 1509కి ముందే భూమిలోకి ఇంకి, బయటి నీటితో పొత్తు లేకుండా ఉండిపోయిన లోతు నీరైతే జవాబు సున్నా. నీటి వయసు పట్టడానికి ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) పరీక్ష ఉంది. 1950, 60 దశకాల అణుపరీక్షలతో వాననీటిలో ట్రిటియం బాగా పెరిగింది, దాని అర్ధాయువు (సగం తరిగిపోవడానికి పట్టే కాలం) 12.3 ఏళ్లు. బావి నీటిలో అది కనిపిస్తే ఈ మధ్య కాలపు వాన అందులో కలిసినట్టే. నీ క్లాసుకు ఇంత హంగామా అక్కర్లేదు, చెరువు నీళ్లో కాలవ నీళ్లో చాలు.

ఆయన ఒకే అణువును రెండుసార్లు తాగి ఉంటే ఎలా అని ఎవడో ఒకడు అడుగుతాడు. అడిగినవాడిని మెచ్చుకో. రెండుసార్లు లెక్కపెట్టిన మాట నిజమే, కాకపోతే రోజుకు 3 లీటర్లన్నదే అందాజు కాబట్టి ఆ తేడా అందులో కొట్టుకుపోతుంది. బోర్డు మీద "పది కోట్లకు పైన, వంద కోట్లకు లోపల" అని రాయి. 13.2 అని దశాంశం దాకా వేసినవాడికి ఒక మార్కు కోసెయ్.

చివర్లో సరిచూసుకోవడానికి, 22,000 లీటర్ల బదులు రాయలవారు తాగిన ఒక్క గ్లాసుకే ఇదే లెక్క చేయించు. దాదాపు 1,500 అణువులు రావాలి. రానివాళ్లను ఘాతాలు మళ్లీ చూసుకోమను.

ఇట్లు,
మామయ్య