మూలలు లేని గది గురించి, నీ వ్యాసం గురించి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. ఇంగ్లండ్‌లో మీ కుటుంబమంతా ఒక గుండ్రటి గుడారంలో గడిపిన మూడు రాత్రుల మీద నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి పాత అలవాటు కొద్దీ ఎర్ర పెన్ను పట్టుకున్నాను. అక్షర దోషాలు నాలుగే. పదో తరగతిలో పేజీకి పది ఉండేవి, కాబట్టి సంతోషం. రెండోసారి పెన్ను పక్కన పడేసి, అరుగు మీద కూర్చుని చదివాను. ఈ ఉత్తరం ఆ రెండో చదువు గురించి.

ముందు శీర్షిక. ‘ప్రకృతి ఒడిలో మూడు రాత్రులు’ అన్నావు. ఆ ఒడిలో ఇప్పటికే చాలామంది కూర్చున్నారమ్మా. అరకు వెళ్లినవాళ్లు, ఊటీ వెళ్లినవాళ్లు, మున్నార్ వెళ్లినవాళ్లు, అందరూ అక్కడే. ఇంక చోటు లేదు. పైగా నువ్వు వెళ్లింది ఎక్స్‌మూర్‌కి. బెరడు రంగు పొట్టి గుర్రాలు గాలికి వీపు పెట్టి నిలబడే బయలు అది, ఒడి కాదు.

మొదటి రెండు పేజీల్లో నీ గొంతు నాకు వినపడలేదు. పెద్ద మంచం, మెత్తటి దుప్పట్లు, మిణుగురుల్లాంటి బల్బుల తోరణాలు, వేడినీళ్ల తొట్టి. ఇవన్నీ బుక్ చేసుకునే ముందు నువ్వు వెబ్‌సైట్లో చదివిన మాటలే. హంగులున్న గుడారంలో బస చెయ్యడాన్ని గ్లాంపింగ్ అంటారు. ఆ మాటే గ్లామర్‌నీ క్యాంపింగ్‌నీ అతికించి చేసింది, కాబట్టి ఆ మెరుపు నీకూ కాస్త అంటుకోవడం సహజమే. కానీ వాళ్ల మాటలు వాళ్లకి డబ్బు తెస్తాయి, నీకేం తెస్తాయి? ఇంకోటి, ‘టాయిలెట్ కొంచెం దూరం’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆ కొంచెం ఎన్ని అడుగులు? మోకాళ్ల నొప్పులున్న మీ అత్తగారు అర్ధరాత్రి టార్చి పట్టుకుని, తడి గడ్డిలో, ఎవరి చెయ్యి పట్టుకుని వెళ్లారు? నీళ్లకి బదులు గరిటెడు రంపపు పొట్టు పోయాలని ఆవిడకి ఎవరు చెప్పారు, ఎలా చెప్పారు? అది రాయడానికి సిగ్గుపడ్డావు. నేనైతే వ్యాసం అక్కడే మొదలుపెట్టేవాణ్ణి.

ఆ గుండ్రటి గుడారాన్ని ‘మంగోలియన్ యర్ట్’ అని నాలుగుచోట్ల రాశావు. నువ్వు పంపిన ఫొటోని పెద్దది చేసి చూశాను. పైకప్పు కర్రలు కింది చివర వంగి ఉన్నాయి, గోపురంలా. మధ్యలో స్తంభాలు లేవు, అందుకే పిల్లలు గది మధ్య గిరగిరా తిరగగలిగారు. మంగోలుల ఇంట్లో పైకప్పు కర్రలు వంపు లేకుండా తిన్నగా ఉంటాయి, మధ్యనున్న చక్రాన్ని సాధారణంగా రెండు స్తంభాలు మోస్తాయి. ఆ ఇంటిని వాళ్లు యర్ట్ అనరు, గెర్ అంటారు. యర్ట్ అన్నది తుర్కిక్ భాషల మాట, రష్యన్ మీదుగా ఐరోపాకి వచ్చింది. తుర్కిష్‌లో ఇప్పటికీ ఆ మాటకి స్వదేశం అని అర్థం. నువ్వు పడుకున్నది మధ్య ఆసియాలోని కిర్గిజ్, కజఖ్ పద్ధతికి దగ్గరగా ఉన్న ఇల్లు. కిర్గిజ్‌లు పైన ఉండే ఆ చక్రాన్ని తుందుక్ అంటారు. అదే వాళ్ల జాతీయ జెండా మధ్యలో, సూర్యుడి లోపల ఉంటుంది. ఒక దేశం తన ఇంటి పైకప్పు రంధ్రాన్ని జెండా మీద పెట్టుకుంది! మూడు రాత్రులు వెల్లకిలా పడుకుని దాన్నే చూశావు, ఒక్క వాక్యం రాయలేదు.

ఆ ఇళ్లు కట్టే విద్యని యునెస్కో కూడా తన జాబితాలో చేర్చుకుంది. మంగోల్ గెర్‌ని 2013లో, కిర్గిజ్, కజఖ్ యర్ట్‌లని 2014లో. ఈ సంవత్సరాలు నీ వ్యాసంలో పెట్టమని చెప్పడం లేదు, పెడితే గైడు మాట్లాడినట్టుంటుంది. కానీ కర్రపని మగవాళ్లూ, కప్పే ఉన్ని పని ఆడవాళ్లూ చేస్తారని తెలిసి ఉంటే, గోడ మీద చెయ్యి వేసినప్పుడు నీ చేతికి ఇంకోటేదో తగిలేది. మన గొంగళిని నేస్తారు. వాళ్ల ఉన్ని గుడ్డకి మగ్గం లేదు. ఉన్నిని పరిచి, వేడినీళ్లతో తడిపి, చుట్టచుట్టి, దొర్లించి దొర్లించి అట్ట కట్టిస్తారు. ఇంగ్లండ్ వానకి పైన కాన్వాస్ వేస్తారు, చక్రం మీద పారదర్శకమైన మూత బిగిస్తారు. వాన దాని మీద ఎలా మోగింది? రేకు మీద పడ్డట్టా, తాటాకు మీద పడ్డట్టా? ఇది నువ్వే చెప్పాలి.

‘సంచార జాతుల జీవితాన్ని అనుభవించాం’ అన్న వాక్యం కొట్టేయ్. దయాదాక్షిణ్యాలు వద్దు. వాళ్లు పచ్చిక అయిపోతే కదులుతారు. మీరు పది గంటలకి చెక్ అవుట్ అన్నారని కదిలారు. కారు డిక్కీలో రైస్ కుక్కర్ ఉందని నువ్వే రాశావు, దాన్ని ప్లగ్‌లో పెట్టడానికి కరెంటు లేదని కూడా రాశావు. ఆ రెండు వాక్యాలూ నాకు చాలా నచ్చాయి. అందులో నువ్వున్నావు.

నీ వ్యాసంలో ఎవరూ ఏ తప్పూ చెయ్యలేదు. నమ్మమంటావా? నా సంగతి చెప్తాను. 2023 అక్టోబరులో మా అబ్బాయి మమ్మల్ని ఇంగ్లండ్‌లోనే డార్ట్‌మూర్ దగ్గర ఇలాంటి దాంట్లోకే తీసుకెళ్లాడు. మధ్యలో చిన్న ఇనప పొయ్యి, దాని గొట్టం పైకి. రాత్రి మంట చూసుకునే బాధ్యత నాది. పల్లెటూరివాణ్ణి, కట్టెల పొయ్యి నాకు కొత్తా అన్నాను. సంచీలో ఇచ్చిన ఎండు కట్టెలు అయిపోవచ్చాయి. సంచీ మీద ఏవో అక్షరాలున్నాయి, చదవలేదు. ఇంగ్లండ్‌లో 2021 మే నుంచి చిన్న మొత్తాల్లో అమ్మే కట్టెల్లో తేమ 20 శాతానికి మించకూడదని నిబంధన ఉందని ఆ మర్నాడు తెలిసింది. నేను బయట చెట్టు కింద పడి ఉన్న రెండు దుంగలు తెచ్చి పెట్టాను. వానలో నానినవి. కాసేపటికి బుసబుసమని శబ్దం, తర్వాత పొగ. మా ఆవిడ దగ్గుతూ లేచి కూర్చుంది. తలుపు తెరిస్తే వాన లోపలికి కొట్టింది. మా మనవరాలు దుప్పట్లోంచి తల బయటపెట్టి, ‘తాతయ్యా, భోగి ఇవాళేనా?’ అంది.

తిరిగొచ్చాక ఆ ప్రయాణం మీద ఇరవై పేజీలు రాశాను. పచ్చిక బయళ్లు, పొగమంచు, గొర్రెలు, చరిత్ర. పొగ సంగతి రాయలేదు, పరువు పోతుందని. ఆ వ్యాసం ఎవరూ వేసుకోలేదు. వేసుకోకపోవడం నా అదృష్టం. ఇంటికొచ్చిన వాళ్లకి మాత్రం మా ఆవిడ ఇప్పటికీ ఆ భోగి కథే చెప్తుంది, అందరూ కాఫీ చల్లారిపోయేదాకా వింటారు. ఇన్నేళ్లు రాసిన నేను ఆవిడ దగ్గర నేర్చుకోవలసి వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆరుగురు మనుషులు, ఒక్క గది, గుండ్రటిది. మన ఇళ్లల్లో అలిగితే మూల కూర్చుంటాం. ఫోన్ మాట్లాడాలంటే మూలకి పోతాం. పనికిరానివి మూలన పడేస్తాం. అక్కడ మూల లేదు. మీ ఆయన ఆఫీసు కాల్ ఎక్కడ మాట్లాడాడు? నువ్వు చీర ఎక్కడ మార్చుకున్నావు? రెండో రోజు నువ్వూ ఆయనా పోట్లాడుకున్నారని మీ అమ్మాయి మాటల వల్ల నాకు అర్థమైంది, నువ్వు దాచినా. అది ఎక్కడ పోట్లాడుకున్నారు, ఎంత గొంతుతో? ఆ వివరాలన్నీ రాసి ఇంటి గుట్టు బయటపెట్టమని కాదు. అందరూ అందరికీ కనపడే గదిలో మూడు రాత్రులు ఉన్న కుటుంబం, మూడు పడగ్గదుల ఇంట్లో ఉండే కుటుంబంలా ప్రవర్తించదు. ఆ తేడా నువ్వు చూశావు. చూసి కూడా దుప్పట్ల మెత్తదనం రాశావు.

మీ అత్తగారు లోపలికి రాగానే ‘ఈశాన్యం మూల ఎక్కడమ్మా?’ అని అడిగారన్నావు. అందరూ నవ్వారన్నావు. అక్కడితో వదిలేశావు! ఆవిడ అడిగింది వెర్రి ప్రశ్న కాదు. ఆ ఇంటికి మూలల్లేవు గానీ దిక్కులున్నాయి. మంగోలులు గుమ్మాన్ని దక్షిణానికి పెడతారు. గుమ్మానికి ఎదురుగా ఉత్తరాన దేవుడి స్థలం, పెద్దలు కూర్చునే చోటు. పడమర మగవాళ్లది, తూర్పు ఆడవాళ్లది. గడప తొక్కడం వాళ్లకీ తప్పే. ‘గడప మీద నిలబడకురా’ అని ఆవిడ మనవణ్ణి కసిరినప్పుడు, తనకి తెలియకుండా ఆ ఇంటి మర్యాదే చెప్పారు. ఆవిడ తెచ్చుకున్న వెంకటేశ్వరస్వామి పటం చివరికి ఎక్కడ పెట్టారు? ఫోన్ చేసి కనుక్కో.

గుండ్రటి ఇల్లు మనకీ కొత్త కాదు. మా అమ్మమ్మ వాళ్లది సముద్రం ఒడ్డు ఊరు. చిన్నప్పుడు అక్కడ చుట్టిళ్లలో పడుకున్నాను. మట్టి గోడ, నడుము ఎత్తుదాకా దిగిన తాటాకు చూరు. తుపాను గాలికి గుద్దుకోవడానికి అంచు దొరకదు, చుట్టూ జారిపోతుంది. వంగితేగానీ లోపలికి వెళ్లలేం. పొలాల్లో పెరిగిన మీ నాన్న యర్ట్ గుమ్మం దగ్గర తల వంచడానికి అలవాటు పడ్డవాడే. ఆయన ఎలా వంగారో నువ్వు చూసి ఉంటావు.

మీ నాన్న సంగతి చివరికి ఉంచాను. నీ వ్యాసంలో తొమ్మిదో పేరాలో, ‘కోట్లాది నక్షత్రాలు’ అన్న వాక్యానికీ, మార్ష్‌మాలోలు కాల్చుకున్న వాక్యానికీ మధ్య, ఆయన ఒక్కసారి మాట్లాడారు. ‘మంచంకోళ్లు ఇక్కడా ఉన్నాయే. ధ్రువుడేంటి, ఇంత పైకెక్కిపోయాడు?’ అన్నారట. మంచంకోళ్లంటే సప్తర్షి మండలమే. నువ్వు వెంటనే మార్ష్‌మాలోల దగ్గరికి వెళ్లిపోయావు.

కోట్లు కాదమ్మా, ఎంత చీకట్లో అయినా ఉత్త కంటికి ఒక్కసారి కనపడేవి కొన్ని వేలే. ఎక్స్‌మూర్‌కి 2011లోనే అంతర్జాతీయ చీకటి ఆకాశ రిజర్వ్‌గా గుర్తింపు వచ్చింది, ఐరోపాలో మొదటిది. అంటే మీ నాన్న చిన్నప్పుడు పొలం కాపలా పడుకుని చూసిన ఆకాశానికి దగ్గరగా ఉన్నదాన్నే, నువ్వు తెలియకుండా, ఆయనకి చూపించావు. ఆయన వెంటనే గుర్తుపట్టారు. తేడా కూడా పట్టేశారు. ఒక ఊరి అక్షాంశం ఎంతో, ధ్రువ నక్షత్రం అక్కడ అంత ఎత్తులో ఉంటుంది. శ్రీకాకుళంలో 18 డిగ్రీలు, ఎక్స్‌మూర్‌లో 51. చెయ్యి చాచి పిడికిలి బిగించు, పిడికిలికి సుమారు పది డిగ్రీలు. మన ఊళ్లో రెండు పిడికిళ్లకి కాస్త తక్కువ, అక్కడ ఐదు. మన దగ్గర మంచంకోళ్లు అస్తమిస్తాయి, కార్తీకమాసం సాయంత్రాల్లో వెతికినా దొరకవు. అక్కడ అసలు అస్తమించవు. పుస్తకం పట్టని రైతు, కొలబద్ద లేకుండా, పరాయి దేశంలో ఎంత ఉత్తరానికి వచ్చాడో ఆకాశం చూసి చెప్పాడు. ఆ మాటని నువ్వు ఒక్క వాక్యంలో పెట్టి, చక్కెర ముద్దల కింద పాతిపెట్టావు.

కాబట్టి వ్యాసం మళ్లీ రాయి. మొదటి రెండు పేజీలు తీసెయ్. మంచం సైజు ఎవరికీ అక్కర్లేదు. నిడివి సగానికి తగ్గినా కంగారు పడకు.

రాసే ముందు ఒక పని చెయ్యి. ఆదివారం మీ నాన్నకి ఫోన్ చేసి, పొలం కాపలా పడుకున్నప్పుడు ధ్రువుడు ఏ చెట్టు మీద కనపడేవాడో అడుగు. తాడిచెట్టా, మర్రా, ఎవరి గట్టు మీదదో. ఆ చెట్టు ఇప్పుడు ఉందో లేదో కూడా అడుగు. ఆయన చెప్పింది చెప్పినట్టు, ఆయన మాటల్లోనే రాసుకో, సరిదిద్దకు.

మీ అత్తగారికి నా నమస్కారాలు. కరెంటు లేని ఆ రాత్రి అన్నం ఎలా వండారో ఆవిడనే అడిగి తెలుసుకో, నువ్వు అదీ రాయలేదు.

మీ మాస్టారు