చక్కెర మానేస్తే పేగులో క్యాన్సర్ గడ్డ ఎండిపోతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది దిల్‌సుఖ్‌నగర్. నాన్నకి 58 ఏళ్లు, పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది, కీమో నడుస్తోంది. చక్కెరే క్యాన్సర్‌కి తిండి అని చుట్టాలు అన్నం, పండ్లు అన్నీ మాన్పించేశారు, 20 రోజుల్లో 4 కిలోలు తగ్గారు. ఇది కరెక్టేనా? నాకు 33, రోజూ కూల్‌డ్రింక్ తాగుతా, నాకూ రిస్కా?

జవాబు: ముందు నాన్నగారికి అన్నం పెట్టండి బాబూ, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. కీమోలో ఇలా బరువు పడిపోతే డోసు తగ్గించాల్సి రావచ్చు, తర్వాతి విడత కీమో (సైకిల్) వాయిదా పడొచ్చు.

మీ చుట్టాల మాటలో కొంత నిజం ఉంది, గొడవంతా అక్కడే. క్యాన్సర్ గడ్డ మామూలు కణాల కంటే గ్లూకోజ్‌ని ఎక్కువ లాగుతుంది, క్యాన్సర్ ఎక్కడుందో చూసే పెట్ స్కాన్‌లో గడ్డ మెరిసేది అందుకే. కానీ అన్నం ఆపినంత మాత్రాన రక్తంలో గ్లూకోజ్ ఆగదు, ఒంట్లో కండ కరిగించి మరీ లివర్ దాన్ని తయారుచేస్తుంది.

తాగే చక్కెర సంగతి వేరు. పంచదార పేగులో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది. గ్లూకోజ్‌ని చిన్నపేగు ఇట్టే లాగేస్తుంది, ఫ్రక్టోజ్‌కి మాత్రం దారి ఇరుకు, గ్లాసుడు గటగటా దించితే మిగిలింది పెద్దపేగు దాకా జారొచ్చు. 2019లో అమెరికాలో పేగులో గడ్డలొచ్చే జీన్ లోపం ఉన్న ఎలుకలకి రోజూ కాస్త ఫ్రక్టోజ్ సిరప్ పట్టి చూశారు, మన లెక్కలో రోజుకో కూల్‌డ్రింక్ అనుకోండి, అవి లావెక్కలేదు గానీ గడ్డలు పెరిగాయి, ముదిరాయి కూడా. గడ్డ కణాలు ఆ ఫ్రక్టోజ్‌ని నేరుగా తీసుకుని, దాని ఊపుతో గ్లూకోజ్‌ని ఇంకా వేగంగా వాడేసి కొవ్వు తయారుచేసుకున్నాయి, కొత్త కణాల పైపొరలకి కావాల్సింది ఆ కొవ్వే. ఎలుకల్లో జరిగింది మనిషిలో అచ్చం అలాగే జరుగుతుందని నేననను, అయినా కూల్‌డ్రింక్ మానేస్తే పోయేదేముంది?

అందుకే నాన్నగారికి అన్నం, పప్పు, గుడ్డు, పెరుగు, జామపండు పెట్టండి, షుగర్ జబ్బు ఉంటే మాత్రం డైటీషియన్‌ని అడిగి. జ్యూస్‌లు, కూల్‌డ్రింక్స్ వద్దు. బిర్యానీతో మీరు తాగే 300 ఎంఎల్ సీసాలో దాదాపు 30 గ్రాముల చక్కెర ఉంటుంది, ఇరానీ చాయ్‌లోది వేరే.

మీ ఇంట్లో ఒకరికి వచ్చింది కాబట్టి 40 నిండేసరికి మీరు కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించుకోవాలి, ఇంకా క్యాన్సర్‌గా మారని చిన్న బొడిపె, అంటే పాలిప్ దశలోనే దొరికితే అప్పుడే తీసేస్తారు. ఈలోపు మోషన్‌లో బ్లడ్ పడితే పైల్స్ అనుకుని మెడికల్ షాపులో ఆయింట్‌మెంట్ కొనుక్కుని కూర్చోకండి, 40 దాకా ఆగకుండా గ్యాస్ట్రో డాక్టర్‌కి చూపించుకోండి.