కరుగుతోందా, కరిగే వీలుందా?

సందేహం: మాది దర్శి దగ్గర పల్లెటూరు. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మీద పరిశోధన చేస్తున్నాను. తెలుగులో ఒక వ్యాసం రాస్తూ ‘ఫ్రీక్‌సి సాఫ్ట్‌వేర్‌తో చూస్తే నీటిలో ఫ్లోరైట్ కరుగుతోందని తేలింది’ అన్నాను. (ఫ్లోరైట్ అంటే కాల్షియం, ఫ్లోరిన్ కలిసిన ఖనిజం.) మా గైడ్ గారు ‘కరగడం మంచుకు వాడే మాట, విలీనం అని రాయి’ అన్నారు. ఏది సరి?
– ఒక పరిశోధక విద్యార్థిని, ప్రకాశం జిల్లా

సమాధానం: ‘కరుగు’ రాయడానికి జంకక్కర్లేదమ్మా. మనకు నెయ్యీ కరుగుతుంది, ఉప్పూ కరుగుతుంది. వేడికా, నీళ్లకా అన్నది పక్క మాట చెబుతుంది. మీరు ‘నీటిలో’ అని రాయనే రాశారు. మంచుకు వేరే పారిభాషిక పదం కావాలంటే ద్రవీభవనం ఉంది. విలీనం మాత్రం వద్దు. ఇంటర్ రసాయన శాస్త్రంలో విలీన ద్రావణమంటే పలచటి ద్రావణం. పైగా ‘ఫ్లోరైట్ విలీనమైంది’ అంటే నాకు బ్యాంకులు గుర్తొస్తాయి!

మీ గైడ్ గారు పట్టుకోవలసింది ‘కరుగుతోంది’ని. అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఉచితంగా ఇచ్చే ఆ సాఫ్ట్‌వేర్, మీరిచ్చిన పీహెచ్, ఉష్ణోగ్రత, కాల్షియం, ఫ్లోరైడ్, బైకార్బనేట్ అంకెలతో సంతృప్త సూచిక లెక్కగడుతుంది. సున్నా వస్తే నీరూ ఖనిజమూ సమతాస్థితిలో ఉన్నట్టు. మైనస్ వస్తే ఆ నీరు ఆ ఖనిజాన్ని ఇంకా కరిగించుకోగలదని. కరిగించుకుంటోందని కాదు. మీ బోరు చుట్టూ రాతిలో అసలు ఫ్లోరైట్ ఉందో లేదో సూచికకు తెలియదు. ఎంత వేగంగా కరుగుతుందో చెప్పాలన్నా రేటు సమీకరణం మీరే విడిగా ఇచ్చుకోవాలి. ‘కరుగుతోంది’ అంటే ఇప్పుడు జరుగుతున్న పని, ఎవరో చూసి చెబుతున్నట్టు. మీ లెక్కలో తేలింది ‘కరిగే వీలుంది’ అని మాత్రమే. అలాగే రాయండి. ‘కరగగలదు’ అన్నా తప్పు కాదు గానీ కాస్త పుస్తకాల వాసన.

‘కాల్సైట్ అవక్షేపించడం వల్ల ఫ్లోరైడ్ పెరిగింది’ అన్న మీ వ్యాసంలోని రెండో వాక్యంలో వ్యాకరణం బాగానే ఉంది, మధ్య మెట్టే మాయమైంది. కాల్సైట్ అంటే సున్నపురాయిలో ఉండే కాల్షియం ఖనిజం, అవక్షేపించడమంటే నీటిలోంచి గట్టిపడి విడిపోవడం. చదివేవాళ్లు కాల్సైట్‌లోంచే ఫ్లోరైడ్ వచ్చిందనుకుంటారు. ‘కాల్సైట్ అవక్షేపించి నీటిలో కాల్షియం తగ్గుతుంది, కాల్షియం తగ్గేకొద్దీ ఫ్లోరైట్ మరింత కరిగే వీలుంటుంది, అలా ఫ్లోరైడ్ పెరగవచ్చు’ అని విడదీయండి. వాక్యం పొడవైతే అవనీయండి.

ఇంకా కరిగించుకోగల నీటికి మీ వ్యాసంలో వాడిన ‘అసంతృప్త ద్రావణం’ మాత్రం ఉంచేయండి. వినడానికి అలిగిన నీళ్లలా ఉన్నా, పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన మాటే అది.