పోత అల్యూమినియంలో మర: కోసే ట్యాపా, ఒత్తే ట్యాపా?

ప్రశ్న: ఏడీసీ12 (సిలికాన్ కలిసిన పోత అల్యూమినియం మిశ్రమం) డై కాస్టింగ్ హౌసింగులకు ఎం6 (6 మి.మీ.) మరలు వేస్తున్నాం. అన్నీ 16 మి.మీ. లోతున్న బ్లైండ్ హోల్సే (అడుగు మూసుకున్నవే), మర 12 మి.మీ. చాలు. గన్ ట్యాప్ (మర కోసే రకం) అడుగుకు చేరేసరికి విరుగుతోంది. అదే 5 మి.మీ. రంధ్రంలో రోల్ ట్యాప్ (మర ఒత్తే రకం) పెడితే అది ఇంకా ముందే బిగుసుకుపోయింది. ఏది వాడాలి?

జవాబు: రోల్ ట్యాపే వాడండి, కానీ 5 మి.మీ. డ్రిల్లు పక్కన పెట్టండి.

గన్ ట్యాప్ చిప్స్‌ను (కోతలో వచ్చే లోహపు తునకలను) తనకు ముందు తోస్తూ పోతుంది. ఆరపార పోయే రంధ్రానికి (త్రూ హోల్) అదే కావాలి. అడుగు మూసుకున్న రంధ్రంలో మాత్రం ఆ చిప్స్ కింద దట్టుకుపోయి ట్యాప్‌ను విరిచేస్తాయి. రోల్ ట్యాప్‌తో చిప్సే రావు. అది లోహాన్ని ఒత్తుతుంది, ఒత్తిన లోహం ట్యాప్ పళ్ల సందుల్లోకి లేచి మర అవుతుంది. అలా లేవడానికి చోటు కావాలి కాబట్టి రంధ్రం పెద్దదిగా ఉండాలి. కోసే ట్యాప్‌కు మర సైజులోంచి పిచ్ (పక్కపక్క మర పళ్ల మధ్య దూరం) మొత్తం తీసేస్తాం: 6 లోంచి 1 పోతే 5. రోల్ ట్యాప్‌కు సుమారు సగం పిచ్ తీస్తే చాలు: 5.5 మి.మీ. ఎం8కు (పిచ్ 1.25) 6.8 బదులు 7.4 అవుతుంది. మీ 5 మి.మీ. రంధ్రంలో సందులు నిండిపోయాక లోహానికి దారి లేక ట్యాప్ పట్టేసింది.

ఇక్కడ 0.05 మి.మీ. తేడా కూడా లెక్కే. మొదటి ముక్కను అడ్డంగా కోసి చూడండి. మర శిఖరం మీద సన్నని గాడి కనిపిస్తే మంచిదే, అది రోల్ ట్యాప్ మరకు సహజం. గాడి పూర్తిగా మూసుకుపోయి ఉంటే రంధ్రం ఇంకా చిన్నదని అర్థం. రంధ్రం పోతలోనే వచ్చినదైతే డ్రాఫ్ట్ (అచ్చు ఊడి రావడానికి ఇచ్చే వాలు) వల్ల అడుగున సన్నబడుతుంది. పైన 5.5 కొలిచి సరిపెట్టుకోకండి, అడుగుదాకా డ్రిల్లు దింపండి. మూతి దగ్గర లోహం ఉబ్బుతుంది కనుక ముందే 6 మి.మీ. కంటే కాస్త వెడల్పుగా కౌంటర్‌సింక్ చేయండి.

ఒత్తడానికి కోతకంటే ఒకటిన్నర నుంచి రెండింతల టార్క్ (తిప్పే బలం) పడుతుంది. ట్యాపింగ్ హెడ్ క్లచ్ దానికి తగ్గట్టు సర్దాలి. నూనె పలచనైతే అల్యూమినియం ట్యాప్‌కు అంటుకుని మర చిరుగుతుంది, అందుకని ఎమల్షన్ (నీళ్లలో కలిపిన నూనె) 8 నుంచి 10 శాతం ఉంచండి. టైటానియం అల్యూమినియం నైట్రైడ్ పూత ఉన్న ట్యాపులు ఈ పనికి వద్దు, అల్యూమినియం దానికి సులువుగా అతుక్కుంటుంది.

బాస్ (రంధ్రం ఉండే ఉబ్బెత్తు భాగం) గోడ పలచగా ఉంటే రోల్ ట్యాప్ దాన్ని ఉబ్బిస్తుంది, పగలగొడుతుంది కూడా. సిలికాన్ 12 శాతం దాటిన మిశ్రమాలు పెళుసు, ఒత్తితే సరిగా పారవు. ఈ రెండు చోట్లా కోసే ట్యాపే దిక్కు. చిప్స్ పొట్టిగా తెగే పోత లోహం కాబట్టి, లోపలినుంచి కూలెంట్ వచ్చే స్ట్రెయిట్ ఫ్లూట్ ట్యాప్ తీసుకోండి. కాస్టింగ్ ఖరీదైనదై, ట్యాప్ విరిగితే మొత్తం పారేయాల్సి వచ్చేదైతే సీఎన్‌సీ మీద థ్రెడ్ మిల్లింగ్ (చిన్న కట్టర్‌ను రంధ్రం లోపల చుట్టూ తిప్పి మర కోయడం) చేయండి. కట్టర్ రంధ్రం కంటే చిన్నది, విరిగినా ముక్క బయటికి వస్తుంది.

ప్రశ్న: తరచూ విప్పి బిగించే చోట మర అరిగిపోతోంది. రోల్ ట్యాప్ మార్చితే ఆగుతుందా?

జవాబు: కొంత మేలు, అంతే. అక్కడ స్టెయిన్‌లెస్ వైర్ ఇన్సర్ట్ (రంధ్రంలో కూర్చోబెట్టే తీగ చుట్ట మర) వేయండి. దానికి మామూలు ఎం6 ట్యాప్ పనికిరాదు, ఇన్సర్ట్‌తో వచ్చే పెద్ద సైజు ట్యాపే కావాలి.