అరుగు మీదే పడుకోనివ్వండి

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మేస్త్రీ పనికి హైదరాబాద్ పోయిన మా అన్న తాగుడుకు అలవాటు పడి, ఏడేళ్లు అఫ్జల్‌గంజ్ ఫుట్‌పాత్‌ల మీదే బతికాడు. రెండు నెలల కింద వెతికి తెచ్చుకున్నాం. గది ఇచ్చినా అరుగు మీదే పడుకుంటాడు, చెప్పులు తల కింద పెట్టుకుంటాడు. మాసిపోయిన సంచి పారేస్తే రెండు రోజులు అన్నం ముట్టలేదు. సాయంత్రమైతే కల్లుకు పోతాడు. చుట్టాల ముందు తలవంపులుగా ఉంది. ఎప్పటికి మారతాడు?

జవాబు: ముందు ఆ సంచి సంగతి. అందులో మీకు చింపిరి గుడ్డలే కనిపించి ఉంటాయి. ఏడేళ్లు ఆయన కాపాడుకున్న ఆస్తి అదొక్కటే. అడగకుండా పారేయడం తప్పే. పక్కన కూర్చుని ఆ మాట ఒప్పుకోండి. చిన్న ట్రంకు పెట్టె కొనిచ్చి, తాళంచెవి ఆయన మొలతాడుకే కట్టుకోనివ్వండి.

ఫుట్‌పాత్ మీద చెప్పులు పక్కన విడిచి పడుకుంటే తెల్లారేసరికి ఉండవు. ఆదమరిస్తే దుప్పటీ పోతుంది. ఏడేళ్ల అలవాటు రెండు నెలల్లో పోదు. అరుగు మీదే మంచం వేసి దోమతెర కట్టండి. పొద్దున చాయ్ అక్కడికే తీసుకెళ్లి, మీరూ కూర్చుని తాగండి. లోపలికి ఎప్పుడు రావాలో ఆయనకే వదిలేయండి.

"ఇన్నేండ్లు యాడున్నవ్?" అని చుట్టాలు అడిగితే మీరే అడ్డుపడండి. తలవంపులు అన్నారు. ఏడేళ్ల తర్వాత కూడా అన్నను వెతికి తెచ్చుకున్నవాళ్లు మీరు, తల దించుకునే పని ఏం చేశారు?

కల్లు విషయంలో మాత్రం జాగ్రత్త. మన వైపు కల్లులో మత్తుమందు కలుపుతారన్నది తెలిసిందే. ఒక్కసారిగా మానిపిస్తే చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికి రావచ్చు. ఇంట్లో పెట్టి గొళ్లెం వేయకండి. నల్లగొండ ప్రభుత్వ ఆస్పత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. ఈలోపు టెన్షన్‌గా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

అప్పుడే కూలికి పంపకండి. ఇంటి ముందు పగిలిన గచ్చు సరిచేయమని అడగండి, రోజుకు గంట చేసినా చాలు.

ఆధార్ కార్డు పోయి ఉంటే కంగారు వద్దు. ఇంతకుముందు తీయించి ఉంటే ఆధార్ కేంద్రంలో వేలిముద్రతో పాత నంబరే దొరుకుతుంది. సిమెంటు పనికి ముద్రలు అరిగిపోయి ఉంటే కంటిపాపతో చూస్తారు. అది చేతికొచ్చాకే రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా. ఆ రోజు మీరే తోడు వెళ్లండి. కౌంటర్ దగ్గర పేరు, తండ్రి పేరు, ఊరు మాత్రం ఆయన్నే చెప్పనివ్వండి.