ల్యాబ్ వజ్రం: అసలా, నకిలీయా, కృత్రిమమా?

సందేహం: మా అల్లుడు అమెరికాలో ఉద్యోగం చేస్తాడు. ఈ మధ్య మా అమ్మాయికి ల్యాబ్ గ్రోన్ డైమండ్ ఉంగరం కొనిపెట్టాడు. చుట్టాలతో మాట్లాడుతూ నేను దాన్ని ‘కృత్రిమ వజ్రం’ అన్నాను. అమ్మాయికి కోపం వచ్చింది. “కృత్రిమం అంటే నకిలీ అనేగా? ఇది అసలు వజ్రమే” అంటోంది. మా ఊరి నగల కొట్టాయన ఉంగరం చూసి, “వజ్రమే గానీ జాతి వజ్రం కాదమ్మా” అన్నాడు. ఎవరి మాట సరైనది? దీన్ని తెలుగులో ఏమనాలి? పత్రికల్లో ‘పెంచిన వజ్రం’ అని రాస్తున్నారు, రాయిని పెంచడమేమిటి? ఇంకొకటి, బంగారానికీ వజ్రానికీ కూడా ‘క్యారెట్’ అనే రాయాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: మీ అమ్మాయి కోపంలో న్యాయం ఉంది. మీరు వాడిన మాటలోనూ తప్పు లేదు. అయితే ముగ్గురిలోకీ కచ్చితంగా మాట్లాడింది కొట్టాయనే.

ముందు వస్తువు సంగతి తేల్చుకుంటే మాట సంగతి తేలికవుతుంది. ఆ ఉంగరంలో ఉన్నది స్ఫటికంగా కట్టిన కర్బనం. మోస్ కొలమానంలో గట్టిదనం 10, సాంద్రత 3.52, వక్రీభవన గుణకం 2.42కి దగ్గర. నేలలో దొరికిన వజ్రానికీ ఇవే అంకెలు. కొట్లో పెన్నులాంటి టెస్టరు ఆనించి చూస్తారు కదా, అది రాయి వేడిని ఎంత తొందరగా లాగేస్తుందో చూసి ‘బీప్’ అంటుంది. ల్యాబ్ వజ్రానికి కూడా అలాగే అంటుంది. భూతద్దంతో చూసి తేడా చెప్పడం అనుభవజ్ఞులకే కష్టం. అతినీలలోహిత కాంతిలో స్ఫటికం పెరిగిన తీరు ఎలా కనబడుతుంది, లోపల లోహపు కణాలున్నాయా, నైట్రోజన్ ఎంత ఉంది అని పెద్ద యంత్రాల మీద పరీక్షిస్తేనే పుట్టుక బయటపడుతుంది. కాబట్టి పదార్థం దృష్టితో చూస్తే మీ అమ్మాయి గెలిచినట్టే.

ఇక ‘నకిలీ’. దీని మూలం అరబ్బీ ‘నక్ల్’, అంటే ఒకదాన్ని చూసి ఇంకొకటి దింపడం. అదే మూలం నుంచి మనకు ‘నకలు’ కూడా వచ్చింది. రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు నకలు అడిగితే ముద్ర వేసి మరీ ఇస్తారు. అదే నకిలీ దస్తావేజు అయితే కేసు పెడతారు. నకలు తాను నకలునని తన ఒంటిమీదే చెప్పుకుంటుంది, నకిలీ ఆ సంగతి దాస్తుంది. అంటే నకిలీతనం అమ్మేవాడి మాటలో ఉంటుంది. ల్యాబ్ వజ్రమని చెప్పి, ల్యాబ్ వజ్రమని బిల్లు రాసి అమ్మితే అది నకిలీ ఎలా అవుతుంది? అదే రాయిని గని వజ్రమని చెప్పి అంటగడితే అది నిఖార్సయిన నకిలీ.

మన బజారులో దశాబ్దాలుగా ‘అమెరికన్ డైమండ్’ పేరుతో అమ్ముతున్నది వేరే సరుకు. అది క్యూబిక్ జిర్కోనియా. అందులో కర్బనమే లేదు. గట్టిదనం 8కి కాస్త పైన, బరువు చూస్తే అదే సైజు వజ్రానికి ఒకటిన్నర రెట్లకు మించి ఉంటుంది. డైమండ్ కాకపోవడం అటుంచి, అది అమెరికన్ కూడా కాదు. నగలకు పనికొచ్చేలా దాన్ని తయారుచేసే పద్ధతికి 1970లలో రూపమిచ్చింది మాస్కోలోని లెబెదెవ్ సంస్థ సోవియట్ శాస్త్రవేత్తలు. ప్రచ్ఛన్నయుద్ధం ఆ ఒక్క పేరులో అమెరికాయే గెలిచింది! మోయిసనైట్ అనే సిలికాన్ కార్బైడ్ రాయి ఇంకా గడుసుది. గట్టిదనం 9.25, వేడిని కూడా బాగా లాగుతుంది, అందుకని పాతరకం టెస్టర్లు దాన్నీ వజ్రమనేస్తాయి. ఇలాంటివన్నీ వజ్రంలా కనిపించే రాళ్ళు, అంతే. వాటిని ల్యాబ్ వజ్రంతో కలిపేసి ఒకే గాటన ‘కృత్రిమ వజ్రాలు’ అని రాసే వార్తల వల్లే మీ ఇంట్లో గొడవ వచ్చింది.

‘కృత్రిమ’ దగ్గర కాస్త ఆగాలి. సంస్కృతంలో ఇది తిట్టుమాట కాదు. ‘కృ’ ధాతువు మీద క్త్రి ప్రత్యయం, ఆపైన మప్ చేరి ‘చేయడం వల్ల ఏర్పడినది’ అనే అర్థం వచ్చింది. దీనికి జోడీ ‘సహజ’, అంటే తనతోపాటు పుట్టినది. కౌటిల్యుడి అర్థశాస్త్రం మిత్రుల్ని ఇలాగే విభజిస్తుంది: తల్లివైపు, తండ్రివైపు బంధువు సహజ మిత్రుడు, డబ్బు కోసమో ప్రాణరక్షణ కోసమో వచ్చి చేరినవాడు కృత్రిమ మిత్రుడు. ఇద్దరూ మిత్రులే, ఆ స్నేహం ఎలా ఏర్పడిందన్నదే తేడా. ధర్మశాస్త్రాలు చెప్పే పన్నెండు రకాల కొడుకుల్లో కృత్రిమ పుత్రుడూ ఒకడు. వాడు దొంగ కొడుకేమీ కాదు, కోరి కొడుకుగా చేసుకున్నవాడు.

తెలుగులోకి వచ్చాక మాటకు కపటం అనే వాసన కూడా అంటింది. ఇప్పుడు మనం రెండు రకాలుగానూ వాడుతున్నాం. పశువైద్యశాలలో కృత్రిమ గర్భధారణ చేయిస్తే పుట్టేది నిఖార్సయిన దూడే. కృత్రిమ వర్షానికి గొడుగు వేసుకోవాల్సిందే. కానీ కృత్రిమ నవ్వులో నవ్వు ఉండదు. బడిపుస్తకాల్లో నైలాన్, పాలిస్టర్లు ‘కృత్రిమ దారాలు’, వాటిలో నూలూ లేదు, పట్టూ లేదు. ల్యాబ్ వజ్రం దూడ, వర్షాల వరసలోది. మీ అమ్మాయికి మాత్రం అది నవ్వు, నైలాన్ల వరసలో వినిపించింది. చదివేవాళ్ళలో సగంమందికి అలాగే వినిపిస్తుంది కాబట్టి, వ్యాకరణం ఒప్పుకున్నా ఈ సందర్భంలో ‘కృత్రిమ వజ్రం’ అనే మాట మానుకోమనే నా సలహా.

ఇది మన భాషకే వచ్చిన ఇబ్బంది అనుకోకండి. ఇంగ్లీషులో ‘సింథటిక్’ మీద ఇదే తగాదా నడిచింది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 2015లో తెచ్చిన ప్రమాణం 18323 ప్రకారం ఉత్త ‘డైమండ్’ అంటే నేలలో పుట్టినదే. సింథటిక్, ల్యాబ్ గ్రోన్ అనేవి రెండూ ఒకటే. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మాత్రం 2018లో తన మార్గదర్శకాలు మార్చింది. వజ్రం నిర్వచనం లోంచి ‘నేచురల్’ అనే మాట తీసేసింది. తాను సిఫారసు చేసే మాటల్లోంచి ‘సింథటిక్’నీ తీసేసింది. ఆ మాట వింటే కొనేవాళ్ళు జిర్కోనియా లాంటిదేదో అనుకుంటున్నారన్నది కారణం. మరుసటి ఏడాది వజ్రాలకు గ్రేడ్లిచ్చే అమెరికా సంస్థ జీఐఏ కూడా తన సర్టిఫికెట్లలో ‘సింథటిక్’ను మానేసింది. అదే జీఐఏ 2025లో ల్యాబ్ వజ్రాలకు పాతపద్ధతిలో రంగు, స్వచ్ఛతల గ్రేడ్లు ఇవ్వడం ఆపి, ‘ప్రీమియం’, ‘స్టాండర్డ్’ అనే రెండు మాటలతో సరిపెడతానంది. రాయి మారలేదు, దాని చుట్టూ ఉన్న మాటలే మారుతున్నాయి. మాటల వెనక వ్యాపారం ఉందని వేరే చెప్పాలా?

కొట్టాయన ‘జాతి’ అన్నాడు చూడండి, ఆ మాట నాకు ముచ్చటేసింది. జాతి ముత్యం, జాతి కెంపు, జాతి గుర్రం అని మనవాళ్ళు ఎప్పటినుంచో అంటున్నారు. ‘జన్’ ధాతువు నుంచి వచ్చింది కాబట్టి జాతి అంటే మొదటి అర్థం పుట్టుక. ఆయన రాయి పదార్థాన్ని శంకించలేదు, పుట్టుకను మాత్రం వేరు చేశాడు. ఉన్న తేడా కూడా అక్కడే. ఒకటి భూమిలో 150 కిలోమీటర్లకు పైబడిన లోతులో, చాలావరకు వంద కోట్ల ఏళ్ళకు పూర్వం పుట్టింది. రెండోది కొన్ని వారాల కిందట యంత్రంలో పుట్టింది. ధర పలికేది ఈ పుట్టుకే. గని వజ్రాల పెద్ద కంపెనీ డీబీర్స్ 2018లో లైట్‌బాక్స్ పేరుతో ల్యాబ్ వజ్రాలను క్యారెట్ 800 డాలర్లకు అమ్మడం మొదలుపెట్టింది. ధరలు అంతకంతకూ పడిపోయాయి, 2025లో ఆ కొట్టు కట్టేస్తున్నానని ప్రకటించింది. యంత్రాలు పెరిగేకొద్దీ సరుకు పెరుగుతుంది. గనులు అలా పెరగవు. ఉంగరాన్ని మళ్ళీ అమ్మాలనుకునేవాళ్ళకు ఈ సంగతి తెలిసి ఉండాలి. పెట్టుకోవడానికి కొన్నవాళ్ళకు ఇందులో టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు.

పుట్టుక విషయంలో మన గోల్కొండ వజ్రాలకొక విచిత్రం జరుగుతోంది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లాంటి చోట్ల దొరికి గోల్కొండ పేరుమీద ప్రపంచమంతా తిరిగిన రాళ్ళలో పేరుమోసినవి ‘టైప్ 2ఏ’ రకానివి. అంటే నైట్రోజన్ దాదాపు లేనివి. అందుకే వాటిలో పసుపు ఛాయ ఉండదు, నీళ్ళలా ఉంటాయి. కోహినూర్ ఆ రకమే. సహజ వజ్రాల్లో ఈ రకం నూటికి ఒకటో రెండో. కానీ ఇప్పుడు వాయువుల నుంచి పెంచే ల్యాబ్ వజ్రాలు దాదాపు అన్నీ టైప్ 2ఏలే. దాంతో వజ్రాల్ని వడపోసే యంత్రాలు నైట్రోజన్ లేని తెల్లరాయి కనిపించగానే ‘దీన్ని ఇంకా పరీక్షించండి’ అని పక్కన పెడతాయి. కోహినూర్‌ను పెట్టినా అదే మాట! ఒకప్పుడు గొప్ప పుట్టుకకు గుర్తుగా ఉన్న స్వచ్ఛతే ఇప్పుడు అనుమానానికి తావిస్తోంది.

కెంపుల్లో ఈ కథ ఇంకా పాతది. అగస్త్ వెర్నోయ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1902లోనే అల్యూమినా పొడిని మంటలో కరిగించి కెంపును కట్టించే పద్ధతి ప్రకటించాడు. కొద్ది ఏళ్ళకే ఆ కెంపులు బజారులోకి వచ్చాయి, చేతిగడియారాల్లోకీ ఎక్కాయి. అంచేత మీ అమ్మమ్మగారి అడ్డిగలో ఉందన్నంత మాత్రాన అది జాతి కెంపేనని ధీమాగా ఉండలేం. సూక్ష్మదర్శినిలో చూస్తే వెర్నోయ్ కెంపులో పెరుగుదల గీతలు వంపు తిరిగి ఉంటాయి, నేల కెంపులో తిన్నగా ఉంటాయి. పచ్చల్లో అయితే మరీ శుభ్రంగా ఉన్నదాన్నే అనుమానించాలి. నేలలో పుట్టిన పచ్చలకు పగుళ్ళూ, మరకలూ మామూలే.

రాయి పెరుగుతుందా అన్నారు. యాగంటి బసవన్న ఏటికేడు పెరుగుతున్నాడని నమ్మే ప్రాంతంలో ఈ సందేహం రాకూడదు! సరదాకి అన్నాను. అసలు జవాబు ఉప్పు దగ్గర ఉంది. చినగంజాంలోనో నౌపడాలోనో అడగండి, ఉప్పు ‘పండిస్తాం’ అంటారు. ఉప్పు మడులు, ఉప్పు రైతులు అనే మాటలూ ఉన్నాయి. ఉప్పు కూడా స్ఫటికమే. స్ఫటికం పొరమీద పొరగా పెద్దదవుతుంది కాబట్టి పెరగడం, పండడం అనే క్రియలు తెలుగుకు కొత్తేమీ కావు. పైగా ల్యాబ్ వజ్రానికి విత్తనం కూడా కావాలి. పలచటి వజ్రపు పలకను గదిలో పెట్టి, మీథేన్, హైడ్రోజన్ వాయువుల్ని మైక్రోవేవ్‌తో ప్లాస్మాగా మారిస్తే కర్బన పరమాణువులు పలక మీద పేరుకుంటాయి. ఆ పలకను వ్యాపారంలో ‘సీడ్’ అంటారు. 2023-24 కేంద్ర బడ్జెట్‌లో ఈ సీడ్ల మీదే దిగుమతి సుంకం ఎత్తేశారు. 1954లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ వజ్రం చేసిన పద్ధతి వేరు. అందులో కరిగిన లోహంలో కర్బనాన్ని ఉంచి, వాతావరణ పీడనానికి యాభై వేల రెట్లకు మించి నొక్కుతారు. అక్కడ ‘చేసిన’ అన్నా బాగానే ఉంటుంది.

మరి ఏమనాలి? నా ఓటు ‘ల్యాబ్ వజ్రం’కి. ‘ప్రయోగశాల వజ్రం’ అంటే గంభీరంగా ఉంటుంది, కానీ సూరత్‌లో వరసగా యంత్రాలు పెట్టి వజ్రాలు తీసేచోట ప్రయోగాలేమీ జరగవు, అవి కర్మాగారాలు. ల్యాబ్‌కీ వజ్రానికీ పొత్తేమిటని పండితులు నొసలు చిట్లిస్తే రైలుబండి, స్టీలుగిన్నె గుర్తుచేయండి. నేలలో పుట్టినదానికి ‘సహజ వజ్రం’ చాలు. ‘గని వజ్రం’ అని రాస్తున్నారు గానీ, తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో తొలకరి వానలకు బయటపడే వజ్రాలకు గనితో పనిలేదు. ‘అసలు’ అనే మాట జోలికి పోవద్దు. దాని అరబ్బీ మూలానికి వేరు, మొదలు అని అర్థం. అందుకని పదార్థం గురించి అంటున్నామో, పుట్టుక గురించి అంటున్నామో తేలక మీ ఇంట్లో వాదన మళ్ళీ మొదలవుతుంది. ప్రకటనల్లో కనిపించే ‘పర్యావరణహిత వజ్రం’ అనే పేరునూ ఊరికే నమ్మకండి. గని తవ్వని మాట నిజమే, కానీ ఆ యంత్రాలు కరెంటు తాగుతాయి, మన దేశంలో కరెంటు ఎక్కువ భాగం బొగ్గు నుంచే వస్తోంది.

ఇక క్యారెట్. బంగారానికది స్వచ్ఛత లెక్క, 24 భాగాల్లో ఎన్ని భాగాలు బంగారమని. రాళ్ళకు బరువు, ఒక క్యారెట్ 200 మిల్లీగ్రాములు. అమెరికావాళ్ళు రెండింటికీ వేరువేరు స్పెల్లింగులు పెట్టుకున్నారు. మనం రెండింటికీ ‘క్యారెట్’ అనే రాస్తున్నాం, కూరగాయకు కూడా. ‘22 క్యారెట్ల బంగారం’, ‘ఒక క్యారెట్ బరువున్న వజ్రం’ అని విడమరిచి రాస్తే సరిపోతుంది. కొందరు రాళ్ళకు ‘కేరట్’ అని రాస్తున్నారు, దాన్నీ తప్పనను.